ఉప్పుబావి కోడలు – 11: బాష్లిక్‌కి పోసిన టీ

పోయినవారం మిమ్మల్ని ఇసుకదిబ్బల మీద లేచిన దుమ్ము దగ్గర వదిలేశాను. అది నీళ్ళ ట్యాంకరుదా, జీపుదా అని నేను నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాను. జీపే. అందులో మా సామూహిక వ్యవసాయ క్షేత్రం పెద్ద, నెపెస్ బాష్లిక్. ఎందుకొస్తున్నాడో మీకు తెలుసు. ఎడారి నడిమధ్య ఒక్క కొంప కోసం ట్యాంకరు తిప్పలేనని, ఉప్పుబావి ఖాళీ చేసి కాలవగట్టున కట్టిన కొత్త ఊళ్ళోకి వచ్చెయ్యమని కబురు పెట్టింది ఆయనే. "మా నీళ్ళు మేమే చేసుకుంటాం, వచ్చి తాగి చూడు, తాగాక మాట్లాడు" అని తిరుగు కబురు పంపింది మా ఆయన తాచ్‌మురాద్.

మా బావినీళ్ళు గొర్రెలు తాగుతాయి, ఒంటెలు తాగుతాయి. మనుషులకి అవి ఒట్టి ఉప్పుకషాయం. ఇన్నాళ్ళూ ట్యాంకరు పోసిన మంచినీళ్ళలో బావినీళ్ళు కలిపి, పొదుపు చేసి, టీ కాచుకుని బతికాం. ట్యాంకరు ఆగిపోతే బావీ పోయినట్టే, బావి పోతే మేమూ పోయినట్టే. ఈ బావి తవ్వింది మా ఆయన తాత. ఇక్కడి ఇసుకలో ఏ పొద ఎక్కడుందో మా ఆయనకి తెలుసు. కాలవ ఊళ్ళో ఆయన్ని తీసుకెళ్ళి అరుగు మీద కూర్చోబెడితే ఆ మనిషి మనిషిలా మిగలడు. ఆ భయం నాది. పైకి ఎప్పుడూ అనలేదు కానీ ఆయన భయమూ అదే.

ఇక యంత్రం సంగతి. అది మా కోడలు ఆయ్‌నబాత్ పని. నగరంలో ఎండ గురించి చదువుకొచ్చింది. (మేం నవ్వాం. ఎండ గురించి కూడా చదువుకోవాలా, మా దగ్గరికొచ్చి నిలబడితే చాలదా అని.) ఇనప పీపాని లోపల మసితో నల్లచేసి, చుట్టూ కంబళి చుట్టి, మెడ దాకా ఇసుకలో పాతింది. పీపా మూతిమీద మందపాటి గాజుబిళ్ళ. దానికి ఎదురుగా అద్దం పెంకులు అతికించిన పెద్ద పళ్ళెం. సూర్యుడు పళ్ళెంలో పడతాడు, పళ్ళెం ఆ వెలుతురంతా పోగుచేసి పీపా నెత్తిమీదున్న చిన్న అద్దంలోకి విసురుతుంది, చిన్న అద్దం దాన్ని కిందికి వంచి గాజులోంచి పీపాలోకి దింపుతుంది. లోపల ఉప్పునీళ్ళు మరుగుతాయి. ఆవిరి గొట్టంలోంచి పోయి, తడి కంబళి కింద చల్లబడి, కూజాలో చుక్కలు చుక్కలుగా మంచినీళ్ళయి పడుతుంది. ఉప్పు పీపాలోనే ఉండిపోతుంది. అంతే. చెప్పడానికి ఎంత తేలికో!

మొదట్లో గాజు అంచుల్లోంచి ఆవిరంతా పారిపోయేది. రబ్బరు పెడితే కరిగిపోయింది. అప్పుడు ఆ పిల్ల రొట్టెపిండి ముద్ద తెచ్చి గాజు చుట్టూ అద్దింది. పిండి కాలి రాయిలా బిగిసి, ఒక్క పోగు ఆవిరి కూడా బయటికి రానివ్వలేదు. దాని మీద మా ఆయన చేసిన గొడవ కూడా చదివారు కదా, తినే రొట్టెపిండిని ఇనప మూతికి పూస్తారా, దేవుడు చూడడం లేదనుకున్నారా అని! కాలిన పిండి రోజూ ఒంటెలకి పెడతామని, ఒక్క తునక కూడా నేలమీద పడనివ్వమని నేను ప్రమాణం చేశాకే ఆయన దిగొచ్చాడు.

ఆ ప్రమాణం నేనే ఎందుకు చేశానంటే ఆయ్‌నబాత్ చెయ్యలేదు కాబట్టి. అది ఇంకా యాష్మాక్ విడవలేదు. తలగుడ్డ కొస పళ్ళ మధ్య ఉన్నంతకాలం మామగారితో ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఆయన ఈడు మగవాళ్ళతోనూ అంతే. చెప్పాల్సింది నా చెవిలో చెప్తుంది, నేను ఆయనకి చెప్తాను. ఆయన పక్కనే ఉంటాడు, అంతా వింటూనే ఉంటాడు, అయినా నేను చెప్పేదాకా విననట్టే ఉంటాడు. మామగారే ఒక జీవాన్ని బహుమతిచ్చి "ఇక మాట్లాడమ్మా" అనాలి. ఆ మాట ఆయన నోట రాదు. "మా అమ్మ నేను పుట్టాక కూడా యాష్మాక్ పట్టింది" అంటాడు, అదేదో ఆయనే పట్టినట్టు!

ఇదీ సంగతి. ఇప్పుడు జీపు ఆగింది.

"సలాం, తాచ్‌మురాద్ ఆగా! గొర్రెలు బావున్నాయా? ఒళ్ళు బావుందా?"

"గొర్రెలు బావున్నాయి. నా ఒళ్ళు గొర్రెలకంటే బావుంది. రా, కూర్చో. మీ ట్యాంకరు డ్రైవరుకేమయింది, దారి మర్చిపోయాడా?"

"దారి మర్చిపోలేదు ఆగా. మర్చిపొమ్మని నేనే చెప్పాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. మగవాళ్ళ నవ్వులు అంతే, లోపల కత్తులు నూరుకుంటూనే పైకి నవ్వుతారు. నెపెస్ చెడ్డవాడు కాదు. పెద్ద పొట్ట, చిన్న కళ్ళు, మాటంటే మాట మీద నిలబడే మనిషి. కానీ కాలవ పక్కన పుట్టి పెరిగినవాడు. దాహం అంటే ఏమిటో పుస్తకంలో చదువుకున్నట్టు తెలుసు.

పందిరి కింద కంబళి పరిచాను. వేడి రొట్టె, ఎండు కర్బూజా ముక్కలు, పులిసిన ఒంటెపాల చాల్ పెట్టాను. చాల్ గిన్నె ఆయన ఒక్క గుక్కలో ఖాళీ చేసి మూతి తుడుచుకుని, "ఇదంతా తర్వాత. ముందు మీ నీళ్ళ టీ పొయ్యండి" అన్నాడు.

ఆయ్‌నబాత్ పొద్దుటినుంచీ పట్టిన కూజా పందిరి గుంజకి ఆనించి ఉంది. నిండా నీళ్ళు. అందులోంచే కాచి, ఆయనకి వేరే, మా ఆయనకి వేరే టీకూజాలు పెట్టాను. మొదటి గిన్నె పోసి మళ్ళీ టీకూజాలోకే తిప్పి పోశాను. పచ్చ టీ మంచి రంగు దిగింది. ఆ రంగు చూసి నా ప్రాణం కుదుటపడింది కూడా.

బాష్లిక్ ఒక గుటక మింగాడు. ఆగాడు. ఇంకో గుటక మింగాడు. గిన్నె మెల్లగా కంబళి మీద పెట్టాడు.

"ఆగా, ఇది బావినీళ్ళు కదా."

"కాదు."

"ఉప్పగా ఉంది ఆగా."

మా ఆయన తన గిన్నె ఎత్తి తాగాడు. చప్పరించాడు. "ఎక్కడుంది ఉప్పు? భేషుగ్గా ఉంది టీ! ఇంతకంటే మంచి టీ నేను ఈ మధ్య తాగలేదు."

"మీకు అలాగే ఉంటుంది. పుట్టినప్పటినుంచీ ఉప్పు తాగి తాగి మీ నాలుక చచ్చిపోయింది. నా నాలుక ఇంకా బతికే ఉంది."

"నా ఇంట్లో కూర్చుని, నా రొట్టె తిని, నన్ను అబద్ధాలకోరు అంటున్నావా నెపెస్?"

"అబద్ధం అనలేదు ఆగా. మోసపోయారు అంటున్నాను. ఈ ఇనప పీపా, ఈ అద్దాలు, చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. పెళ్ళిపందిరికి కడితే ఇంకా ముచ్చటగా ఉంటాయి. నీళ్ళు మాత్రం రావడం లేదు. వచ్చే వారం లారీ పంపిస్తాను. సామాన్లు సర్దుకోండి. ఇల్లు చూసి ఉంచాను, తలుపులకి రంగు కూడా వేయించాను."

మా ఆయన గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా చెయ్యిచేసుకున్నా అంత బాధపడడు ఆ మనిషి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవలేదు, ఎందుకంటే అప్పుడే ఆయ్‌నబాత్ వెనకనుంచి నా కొంగు లాగింది.

"అమ్మా," అంది చెవిలో, పళ్ళ మధ్య గుడ్డతోనే, "కూజాలో నాన్న బావినీళ్ళు కలిపారు." మామగారినే అది నాన్న అంటుంది.

"ఏమిటీ!"

"గట్టిగా అరవకండి. మీరు రొట్టెలు కాలుస్తున్నప్పుడు బావి దగ్గరినుంచి బొక్కెన తెచ్చి పోశారు. నేను పళ్ళెం వెనకాల ఉన్నాను, చూశాను."

"ఎందుకు పోశాడు, పిచ్చా?"

"'ఇదేం నీళ్ళు, చప్పగా చచ్చినట్టున్నాయి, ఇవా అతిథికి పోసేది' అని ఒంటెతో అంటున్నారు. వద్దనడానికి నాకు... మీరేమో పొయ్యి దగ్గర ఉన్నారు, ఈలోగా జీపు వచ్చేసింది. చెప్పకండమ్మా. బాష్లిక్ ముందు నాన్న పరువు పోతుంది."

చూశారా నా పరిస్థితి! ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే మొగుడి పరువు పోతుంది, చెప్పకపోతే కొంపే పోతుంది. ఆయన్ని మాత్రం ఏమనగలను? ఉప్పుబావి మనిషి మంచినీళ్ళు కలపకుండా తాగడం అనేది మా వంశంలో లేదు. గుర్రం కనపడితే కళ్ళెం వేసినట్టు, నీళ్ళు కనపడితే బావినీళ్ళు కలుపుతాం, చెయ్యి దానంతటదే వెళ్తుంది. పైగా ఈ యంత్రం నీళ్ళకి అసలు రుచే లేదు, ఆ మాట నిజం. మొదటిసారి తాగినప్పుడు నేనూ, 'గాలి తాగినట్టుందే' అన్నాను.

"ఏమంటోంది కోడలు?" అని అడిగాడు బాష్లిక్.

నేను దాని మొహంలోకి చూశాను. అది మళ్ళీ నా చెవిలో ఒక మాట చెప్పింది. ఎంత తెలివైన పిల్లో అప్పుడు నాకు పూర్తిగా అర్థమయింది.

"కూజా సంగతి వదిలెయ్యమంటోంది. మీ గిన్నె మీరే కడుక్కుని, మీరే తీసుకెళ్ళి గొట్టం కింద పట్టుకోమంటోంది. మధ్యలో ఎవరి చెయ్యీ పడకుండా. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటే లారీ వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదట, మీ జీపులోనే మూటలు ఎక్కిస్తామంటోంది."

చివరి ముక్క అది అనలేదు. నేను కలిపాను. మధ్యవర్తికి ఆమాత్రం హక్కుంటుంది.

బాష్లిక్ "సరే," అని గిన్నెలో టీ ఇసుకలో పారబోసి, రుమాలుతో తుడిచి లేచాడు. "ఎండలో నిలబెడుతున్నారు కదా నన్ను. పొట్ట కరిగినా మంచిదే."

వెళ్ళి చూస్తే గొట్టం మూతి ఎండిపోయి ఉంది. మేం టీలు తాగుతూ వాదులాడుకుంటుండగా సూర్యుడు తన దారిన తను జరిగిపోయాడు. పళ్ళెం వెలుతురు పీపా నెత్తిన కాకుండా పక్కనున్న ఇసుక మీద పడుతోంది. పళ్ళెం తిప్పాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి, పెద్ద పళ్ళేనికి ఒకరు, చిన్న అద్దానికి ఒకరు. ఆయ్‌నబాత్ మొగుడు, మా వాడు సాపర్ ఉంటే వాడే పళ్ళెం పట్టేవాడు. వాడు మందతో దూరం మేతకి పోయాడు.

"నేను పడతాను," అన్నాడు మా ఆయన. మొండితనంతో అన్నాడో, ఉక్రోషంతో అన్నాడో, తెల్పెక్ టోపీ సర్దుకుని వెళ్ళి పళ్ళెం కర్రలు రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయ్‌నబాత్ పీపా దగ్గర చిన్న అద్దం పట్టుకుంది. నేను మధ్యలో నిలబడ్డాను. ఇక మొదలయ్యాయి మా తిప్పలు.

"కొంచెం పడమరకి అంటోంది."

"పడమరకంటే ఎటు? నా పడమరకా, దాని పడమరకా?"

"పడమర ఎవరికైనా పడమరేనయ్యా! సూర్యుడు మన ఇంటికో దిక్కున, దానికో దిక్కున అస్తమిస్తాడా?"

"అయితే ఎంత పడమరకి?"

ఆయ్‌నబాత్ వేళ్ళతో చూపించింది. "బెత్తెడు," అన్నాను.

ఆయన మూరెడు తిప్పాడు. వెలుతురు ఎగిరిపోయి ఒంటె మొహం మీద పడింది. ఒంటె గట్టిగా అరిచి అటు తిరిగింది.

"ఎక్కువైంది అంటోంది."

"అననివ్వు. నాకూ కళ్ళున్నాయి."

"ఇప్పుడు పైకెత్తమంటోంది. కాదు, కాదు, దించమంటోంది. అబ్బ, ఉండవయ్యా, నువ్వు ఎత్తితే అది దించమంటుంది, దించితే ఎత్తమంటుంది!"

బాష్లిక్ గిన్నె పట్టుకుని గొట్టం దగ్గర గొంతుక్కూర్చుని, ఇద్దరినీ చూసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన వైపు తిరిగి నాలుగు అక్షింతలు వెయ్యబోయాను. సరిగ్గా అప్పుడే జరిగింది. మా ఆయన పళ్ళెం బాగా వంచుదామని ముందుకొచ్చాడు. వెలుతురు పోగుపడి ముడిపడే చోటు ఒకటుంటుంది, దాంట్లో చెయ్యి పెట్టకూడదని మా అందరికీ ఆయ్‌నబాత్ మొదటిరోజే చెప్పింది. చెప్పిందంటే నాకు చెప్పింది. నేను ఆయనకి చెప్పానో లేదో దేవుడికే ఎరుక. ఆయన చొక్కా చెయ్యి సరిగ్గా అందులోకి వెళ్ళింది.

ఆయ్‌నబాత్ కాళ్ళు నేలకేసి కొట్టింది. చేతులు ఊపింది. నేనేమో బాష్లిక్‌ని తిట్టడంలో ఉన్నాను, మా ఆయనేమో సూర్యుడి వైపు చూస్తున్నాడు. ఆయన మోచేతి దగ్గర సన్నగా పొగ లేచింది. ఆ పిల్ల అద్దం వదిలేసి, పందిరి కిందికి పరిగెత్తి, బాష్లిక్ టీకూజా ఎత్తుకొచ్చి, అందులో ఉన్నదంతా మామగారి చేతిమీద గుమ్మరించింది.

మామగారి మీద టీ పోసిన కోడలు! మా తాతముత్తాతల కాలంలో ఎవరైనా విన్నారా ఇలాంటిది? మా ఆయన నోరు తెరిచి ఏదో అనబోయాడు. అప్పుడు కాలిన బట్ట వాసన వచ్చింది. మోచేతి దగ్గర గుడ్డలో బొటనవేలు పట్టేంత చిల్లు. కింద చర్మం ఎర్రగా ఉంది, అంతే, బొబ్బ కూడా రాలేదు. టీ అప్పటికి చల్లారిపోయింది కాబట్టి బతికిపోయాడు.

ఆయన చిల్లుని చూసుకున్నాడు. ఆ పిల్లని చూశాడు. అంతలోనూ అది గుడ్డ కొస పళ్ళ మధ్యనుంచి వదల్లేదు. ఆయన మళ్ళీ పళ్ళెం పట్టుకున్నాడు. ఈసారి నావైపు చూడలేదు, తిన్నగా దాని చేతివైపే చూశాడు. అది వేలితో ఎటు చూపిస్తే అటు, ఎంత చూపిస్తే అంత. నేను నోరుమూసుకుని నిలబడ్డాను. పని ఎంత చప్పున అయిందో చెప్పలేను.

వెలుతురు చిన్న అద్దంలోకి ఎక్కింది. అక్కడినుంచి తిన్నగా గాజులోంచి పీపాలోకి దిగింది. లోపలి నల్లటి నీళ్ళు ఒక్కసారి తెల్లగా వెలిగాయి, చూడలేక కళ్ళు తిప్పుకున్నాం. పొద్దుటి వేడి ఇంకా పీపాలో ఉంది కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. కంబళి కింద గుబగుబమని చప్పుడు మొదలయింది. పిండిగట్టు చుట్టూ ఎక్కడా ఆవిరి లేదు. అందరం గొట్టం మూతివైపు చూస్తున్నాం. బాష్లిక్ నవ్వడం మానేశాడు.

చుక్క పడింది. ఇంకో చుక్క. తర్వాత ఆగకుండా, సన్నటి దారంలా. బాష్లిక్ చెయ్యి నొప్పెట్టి చెయ్యి మార్చుకున్నాడు కానీ గిన్నె తియ్యలేదు. సగం నిండాక ఎత్తి, ఊది, తాగాడు.

మా ఆయన పళ్ళెం వదలకుండానే మెడ సాచాడు. నేనూ సాచాను.

"తియ్యగా ఉన్నాయి," అన్నాడు బాష్లిక్. మళ్ళీ తాగాడు. "వాననీళ్ళలా ఉన్నాయి ఆగా. మా కాలవనీళ్ళకి బురద వాసనైనా ఉంటుంది. వీటికి అదీ లేదు!"

నాకు ఆ క్షణాన ఎంత సంతోషం వేసిందంటే, బాష్లిక్ కాకుండా ఇంకెవరైనా అయితే పట్టుకుని ముద్దుపెట్టుకునేదాన్ని. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన మాత్రం పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంత మంచి నీళ్ళొస్తుంటే మరి ఆ కూజాలోవి ఎందుకు ఉప్పగా ఉన్నాయి?" అన్నాడు బాష్లిక్. అడగాల్సిన ప్రశ్నే మరి.

నేను ఇసుకవైపు చూశాను. ఆయ్‌నబాత్ ఇసుకవైపు చూసింది. మా ఆయన కూజావైపు చూశాడు, చాలాసేపు చూశాడు. అప్పుడు ఆయనకి తట్టింది. మొహం తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. ఆయన తల్చుకుంటే అప్పుడు కూడా దాటవేయొచ్చు. కూజా మురికిదనో, ఇంకేదో అనో అనొచ్చు. ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

"నేనే కలిపాను," అన్నాడు. "బావినీళ్ళు. చప్పగా ఉన్నాయని, అతిథికి రుచిగా ఉండాలని బొక్కెనతో పోశాను. నా చేత్తో నేనే నా కొంప ఆర్పుకోబోయాను నెపెస్. యంత్రం తప్పేం లేదు."

బాష్లిక్ నిర్ఘాంతపోయి చూశాడు. తర్వాత నవ్వాడు చూడండి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు! "మంచినీళ్ళకి రుచి రావాలని ఉప్పునీళ్ళా! ఉప్పుబావి మనిషివి అనిపించుకున్నావు ఆగా! క్షేత్రమంతా చెప్తాను ఈ సంగతి!"

"చెప్పుకో. నీ లారీ మాత్రం రానివ్వకు."

"లారీ రాదు. నా మాట."

అదీ! ఆ ఒక్క మాట కోసమే కదా ఇన్ని వారాలుగా మేం నిద్రలేకుండా ఉన్నది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కానీ మా ఆయన మనసు అక్కడ లేదు.

"సాపర్ వాళ్ళమ్మా, దాన్ని అడుగు. నేను కలుపుతుండగా చూసిందా?"

అది తలూపింది.

"చూసి ఎందుకు చెప్పలేదట?"

ఇక నా వల్ల కాలేదు. ఇన్నాళ్ళూ ఆయన మాట దానికి, దాని మాట ఆయనకి మోసి మోసి నా నాలుక అరిగిపోయింది. "ఎందుకు చెప్పలేదా? నోరెక్కడిది దానికి చెప్పడానికి? నువ్వు కట్టేశావు కదా! కూజాలో ఉప్పు పడుతుంటే చూస్తూ ఊరుకుంది, నీ చెయ్యి కాలుతుంటే అరవలేక టీ తెచ్చి పోసింది. బాష్లిక్ ముందు కూడా నీ పేరు బయటపెట్టకుండా, నీ పరువు కాపాడి మరీ నీళ్ళు తాగించింది. ఇంకేం కావాలయ్యా నీకు? ఒంటెతో మాట్లాడతావు, గొర్రెలతో మాట్లాడతావు, ఇంట్లో ఉన్న బంగారంలాంటి పిల్లతో మాట్లాడవు. మీ అమ్మ ఎన్నేళ్ళు పట్టిందో నాకనవసరం. మీ అమ్మ యంత్రాలు చెయ్యలేదు!"

అతిథి ముందు మొగుణ్ణి అన్ని మాటలనడం తప్పే. అనేశాను.

మా ఆయన వెనుదిరిగి దొడ్డివైపు వెళ్ళిపోయాడు. అలిగాడనుకున్నాను. ఆయన అలిగితే నాలుగు రోజులు రొట్టె ముట్టడు. ఆయ్‌నబాత్ నన్ను కోపంగా చూసింది, ఎందుకన్నారు అన్నట్టు. బాష్లిక్ చూపు ఎటు తిప్పుకోవాలో తెలియక ఇంకో గిన్నెడు నీళ్ళు పట్టుకున్నాడు.

కాసేపటికి ఆయన తిరిగొచ్చాడు. చేతిలో తాడు, తాడు చివర మా తెల్ల ఒంటెపిల్ల. మందలో ఆయనకి అన్నిటికంటే ఇష్టమైంది అదే. పట్నంనుంచి ఎవరో వచ్చి అడిగితే, కన్నకూతుర్ని అడిగినంత కోపంతో వాణ్ణి గుమ్మంలోంచి తరిమేశాడు. దాన్ని నడిపించుకుంటూ వచ్చి, ఆయ్‌నబాత్ ముందు నిలబడి, తాడు తీసి దాని చేతిలో పెట్టాడు. నా ద్వారా కాదు. నావైపు చూడను కూడా లేదు.

"ఇది నీది," అన్నాడు. "ఇక మాట్లాడమ్మా. నాకేదైనా తెలియకపోతే తెలియదని చెప్పు. చెయ్యి కాలుతుంటే కాలుతోందని కేకెయ్యి. ఈ ముసలిది ఒకదానికి నాలుగు కలిపి చెప్తోంది."

నాకు కోపం రాలేదు. ఆ పూట నన్ను ఏమన్నా పడేదాన్ని.

ఆయ్‌నబాత్ నావైపు చూసింది. నేను తలూపాను. అది చెయ్యెత్తి పళ్ళ మధ్యనుంచి గుడ్డ కొస మెల్లగా తీసింది. పెదవుల పక్కన గుడ్డ ఒరిసి పడిన గీత కనపడింది. అది వంగి ఆయనకి దణ్ణం పెట్టింది, కానీ మాట రాలేదు. ఇన్నాళ్ళు మూసుకున్న నోరు, అంత తొందరగా ఎలా తెరుచుకుంటుంది? మా ఆయన తొందరపెట్టలేదు. కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందని నాకు చెప్పాడు.

"ఆగా," అన్నాడు బాష్లిక్, గిన్నె కింద పెట్టి. గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "మన క్షేత్రంలో ఉప్పుబావులు ఇదొక్కటే కాదు. ప్రతి బావి దగ్గరా మీలాంటి కొంపే ఉంది, ప్రతివాళ్ళకీ లారీ పంపుతానని కబురు పెట్టాను. ఈ అమ్మాయిని నాతో పంపండి. కేంద్రంలో పనిశాల ఉంది, ఇనుముంది, అద్దాలున్నాయి. తను చెప్పినట్టల్లా చేస్తారు. ఒక్కో బావికీ ఒక్కో యంత్రం. సాపర్‌కి కూడా అక్కడే పని చూస్తాను. మళ్ళీ ఎప్పుడొస్తారంటే చెప్పలేను, పని అలాంటిది."

మా ఆయన పకపకా నవ్వాడు. "ఒంటెపిల్లని ఇచ్చి ఇంకా తాడు వెచ్చదనం పోలేదు, అప్పుడే నా కోడల్ని ఎత్తుకుపోతానంటావా? ఇది ఎక్కడికీ రాదు. ఇది ఈ బావి కోడలు. నా మాట నమ్మకపోతే దాన్నే అడుగు. ఇప్పుడు దానికి నోరుంది." ఆయన దానివైపు తిరిగాడు. మొహంలో ఎంత గర్వమో! ఇన్నేళ్ళలో ఆయన్ని అంత సంతోషంగా చూడలేదు నేను. "చెప్పమ్మా. భయపడకు. ఈ పెద్దమనిషికి నీ నోటితో నువ్వే చెప్పు."

ఆయ్‌నబాత్ ఒంటెపిల్ల మెడ నిమురుతోంది. నిమరడం ఆపింది. అది తనతో మాట్లాడగా మా ఆయన వినడం అదే మొదలు. మెత్తగా ఉంటుంది దాని గొంతు, కానీ తొణకదు.

"నాన్నా, నేను వెళ్తాను," అంది.